‘సీబీ’ అన్న రెండు అక్షరాలకు సరైన అర్థం తేల్చుకోవడం ఎలా?

అనువాదాలు చేసేవారు, పాత సైనిక పత్రాలు చదివేవారు, రేడియో సంభాషణలు కొత్తగా వింటున్నవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ‘ఈ వాక్యంలో సీబీ అని ఉంది, దానికి పూర్తి రూపం ఏమిటి?’ వాక్యం చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. లారీ డ్రైవర్ల నోట అది ఒక రేడియో తరంగ శ్రేణి, నౌకాదళ పత్రంలో ఒక నిర్మాణ దళం, వాతావరణ నివేదికలో ఒక మేఘం, బ్యారక్‌లో ఒక శిక్ష. అందువల్ల అర్థాల జాబితా ఇచ్చి ఊరుకోకుండా, మీ ఎదుట ఉన్న పత్రంలో ఏ అర్థం చెల్లుతుందో మీరే తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా సీబీని తీసుకున్నప్పటికీ ఇదే పద్ధతి ఏ పొడి అక్షరాలకైనా పనికి వస్తుంది.

కావలసినవి

మూల పత్రం, లేదా దాని స్పష్టమైన ఛాయాచిత్రం మీ దగ్గర ఉండాలి. ఎవరో తిరగరాసిన ప్రతి గానీ, ఫోన్‌లో చదివి వినిపించిన వాక్యం గానీ సరిపోదు. ఆ అక్షరాలు ఉన్న ఒక్క వాక్యమే కాకుండా ముందు, వెనుక పేజీలు కూడా ఉండాలి. పత్రం ఏ సంవత్సరానిదో, ఏ దేశపు ఏ సంస్థ నుంచి వచ్చిందో కనీసం ఉజ్జాయింపుగానైనా తెలియాలి. సాధారణ నిఘంటువుతో పాటు ఆ రంగానికి చెందిన సంకేతాల పట్టిక ఒకటి, రాసుకోవడానికి ఒక కాగితం ఉంటే చాలు.

1. అక్షరాలను మూలంలో ఉన్నట్టుగానే రాసుకోండి

తెలుగులో రాసేవారు అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది ఈ మొదటి మెట్టు దగ్గరే కాబట్టి దీని మీద కొంత ఎక్కువ సేపు ఆగవలసి ఉంది. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడా లేదు. మూలంలోని అక్షరాలను ‘సీబీ’ అని తెలుగులోకి మార్చిన క్షణంలోనే అర్థాన్ని పట్టిచ్చే ఆధారాలు కొన్ని చెరిగిపోతాయి.

రెండూ పెద్ద అక్షరాలైతే అర్థాలు చాలా ఉంటాయి. మొదటిది పెద్దది, రెండవది చిన్నది అయితే ప్రధానంగా రెండు దారులు మిగులుతాయి: ఒకటి క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘానికి వాతావరణ శాస్త్రజ్ఞులు వాడే గుర్తు, రెండవది కొలంబియం అనే మూలకపు పాత రసాయన సంకేతం. 1801లో చార్లెస్ హ్యాచెట్ కనుగొన్న ఈ మూలకాన్నే ఇప్పుడు నియోబియం అంటున్నాము, దీని పరమాణు సంఖ్య 41. 1949-50 ప్రాంతంలో నియోబియం అన్న పేరు అంతర్జాతీయంగా స్థిరపడినా అమెరికా లోహ పరిశ్రమలో పాత పేరు ఆ తరువాత కూడా చాలాకాలం నిలిచింది. కాబట్టి ఉక్కు మిశ్రమాల పత్రంలో ఈ గుర్తు కనిపిస్తే, అది 1950 తరువాతి పత్రమైనా సరే, ముందుగా కొలంబియాన్ని పరిశీలించండి.

అక్షరాలు అసలు విడివిడిగా ఉన్నాయా, లేక ఒకే మాటగా ఉన్నాయా అన్నది కూడా చూడండి. అమెరికా నౌకాదళపు నిర్మాణ బెటాలియన్ల (కన్‌స్ట్రక్షన్ బెటాలియన్) పొడి అక్షరాలను పలికే తీరు నుంచే ‘సముద్రపు తేనెటీగ’ అన్న అర్థం వచ్చే మాట పుట్టింది. 1942 మార్చిలో అది వారికి అధికారిక నామమైంది. ఆంగ్లంలో పొడి అక్షరాలు వేరుగా, ఆ మాట వేరుగా కనిపిస్తాయి. తెలుగులో రెండూ ‘సీబీ’యే. పైగా ఆ మాట ఎప్పుడూ ఆ దళాన్నో, దళ సభ్యులనో సూచిస్తుంది కాబట్టి మూలంలో అది కనిపిస్తే మిగిలిన మెట్లు దాదాపు అవసరం లేదు.

మరొక హెచ్చరిక. రష్యన్ లిపిలో ‘స’, ‘వ’ ధ్వనులకు వాడే పెద్ద అక్షరాలు రోమన్ లిపిలోని సి, బి అక్షరాలను అచ్చుగుద్దినట్టు ఉంటాయి. సోవియట్ కాలపు రేడియో డయల్ మీద ఈ రెండు అక్షరాలు కనిపిస్తే వాటిని ‘ఎస్ వి’ అని చదవాలి. అవి మధ్యమ తరంగాలను, అంటే మీడియం వేవ్‌ను సూచిస్తాయి. పక్కనే రోమన్ లిపికి చెందని అక్షరం ఒక్కటి ఉన్నా మీరు చదువుతున్నది వేరే లిపి అని గుర్తించండి.

2. తేదీనీ, దేశాన్నీ, సంస్థనూ పక్కన రాసుకోండి

ఏ అర్థానికైనా పుట్టిన తేదీ ఒకటి ఉంటుంది. పత్రం అంతకన్నా పాతదైతే ఆ అర్థాన్ని నిస్సంకోచంగా కొట్టివేయవచ్చు. మీకు పనికివచ్చే కొన్ని హద్దులు ఇవి. బ్రిటన్‌లోని బాత్ ఆర్డర్ అనే రాజగౌరవ బిరుదుల వర్గం 1725లో ఏర్పడినా, అందులో తరగతులు ఏర్పడి ‘కంపానియన్ ఆఫ్ ది బాత్’, అంటే సీబీ, అనే హోదా వచ్చింది 1815లో మాత్రమే. అమెరికా నౌకాదళ నిర్మాణ బెటాలియన్లు రియర్ అడ్మిరల్ బెన్ మోరీల్ చొరవతో 1942 జనవరిలో అనుమతి పొందాయి. ఈనాడు సీబీ రేడియో అనగానే గుర్తుకు వచ్చే 27 మెగాహెర్ట్జ్ సిటిజన్స్ బ్యాండ్, అంటే సామాన్య పౌరులు మాట్లాడుకోవడానికి కేటాయించిన రేడియో తరంగ శ్రేణి, అమెరికాలో 1958లో మొదలైంది. మొదట 23 ఛానళ్లు ఉండేవి, 1977లో అవి 40 అయ్యాయి. బ్రిటన్‌లో దానిని చట్టబద్ధం చేసింది 1981 నవంబరులో.

అయితే ఒక అర్థం పుట్టిన తేదీ, దానిని చట్టబద్ధం చేసిన తేదీ ఒకటి కాదని మరచిపోవద్దు. 1981కి ముందు నాటి బ్రిటిష్ పత్రంలో సీబీ రేడియో ప్రస్తావన ఉండదని మీరు అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అనుమతి లేకుండా వాడేవారు అప్పటికే ఉన్నారు. అయితే ఆ ప్రస్తావన అధికారిక లైసెన్సు గురించి అయ్యే అవకాశం మాత్రం లేదు.

3. ఇరుగుపొరుగు మాటలను చదవండి

ఎక్కువ సందర్భాల్లో జవాబు ఇక్కడే దొరుకుతుంది. పొడి అక్షరాలకు ముందు ఏముంది, తరువాత ఏముంది, ఏ క్రియతో కలిసి వచ్చాయి అన్నవి నిదానంగా చూడండి.

ముందు వరుస సంఖ్య ఉంటే, అంటే ‘6వ సీబీ’ అన్న ధోరణిలో ఉంటే, అది దళం పేరు కావచ్చు. నిజంగానే 6వ నౌకాదళ నిర్మాణ బెటాలియన్ 1942 సెప్టెంబరులో గ్వాడల్‌కెనాల్ ద్వీపం చేరి అక్కడి విమానాశ్రయపు రన్‌వే పనులను చేపట్టింది. ముందు రోజుల లెక్క ఉంటే, ఉదాహరణకు ‘ఏడు రోజుల సీబీ’ అని ఉంటే, అది బ్రిటిష్ సంప్రదాయపు సైన్యాల్లో చిన్న తప్పులకు వేసే ‘కన్‌ఫైన్డ్ టు బ్యారక్స్’ అనే శిక్ష. సైనికుడు ఆ రోజులన్నీ బ్యారక్ దాటి వెళ్ళకూడదు. సైనికుల ఉత్తరాల అనువాదాలు సరిచూసేటప్పుడు ఈ మాటను ‘ఏడు రోజుల రేడియో శిక్షణ’ అని మార్చిన సందర్భం నాకు ఎదురైంది. ఆ ఉత్తరం రాసిన మనిషి ఇంటికి తెలియజేయాలనుకున్న సంగతి ఆ ఒక్క మాటతో తారుమారైంది. పక్కనే రోజుల సంఖ్య ఉన్నా అనువాదకుడు దానిని పట్టించుకోకపోవడం వల్ల జరిగిన నష్టం అది.

‘ఫైర్’, ‘తుపాకులు’, ‘శత్రు బ్యాటరీ’ వంటి మాటలు దగ్గరలో ఉంటే అది కౌంటర్ బ్యాటరీ, అంటే శత్రువు ఫిరంగులను కనిపెట్టి వాటి మీదే ఎదురుకాల్పులు జరపడం. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ ఫిరంగిదళ పత్రాల్లో ఇది విరివిగా వస్తుంది. ‘దాడి నుంచి రక్షణ’, ‘ముసుగు’, ‘విషవాయువు’ వంటి మాటలు ఉంటే రసాయన, జీవ (కెమికల్, బయొలాజికల్) ఆయుధాల అర్థాన్ని పరిశీలించండి. మనిషి పేరు తరువాత కామా పెట్టి రాసి ఉంటే బాత్ ఆర్డర్ బిరుదు. అవే అక్షరాలు పేరుకు ముందు చుక్కలతో ఉంటే అవి ఆ వ్యక్తి పేరులోని పొడి అక్షరాలే కావచ్చు కాబట్టి తొందరపడి బిరుదు అంటగట్టవద్దు.

ఛానల్, యాంటెన్నా, వాట్లు అన్న మాటలు చుట్టూ ఉంటే సిటిజన్స్ బ్యాండ్. ఆ సంభాషణల యాస కూడా ఒక ఆధారమే: ‘10-4’ అంటే విన్నాను, సరే అని, ‘నీ 20 ఎక్కడ’ అంటే నీవు ఉన్న చోటు ఏది అని, ‘హ్యాండిల్’ అంటే రేడియోలో వాడే మారుపేరు. అమెరికాలో 19వ ఛానల్ లారీ డ్రైవర్లదిగా, 9వది అత్యవసర సమాచారానిదిగా పేరుపడ్డాయి. దీనికి భిన్నంగా ‘73’ అని శుభాకాంక్షలు చెప్పుకోవడం, తోటి ఆపరేటరును ‘ఓఎం’ అని పిలవడం హామ్ రేడియో వారి, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కోసం రేడియో నడిపేవారి, అలవాటు. ఈ రెండు సమూహాలూ వేరు, వీరి మాట తీరూ వేరు. ఒకరి యాసను మరొకరికి ఆపాదిస్తే చదివేవారిలో తెలిసినవారు వెంటనే పట్టుకుంటారు.

విమానయాన పత్రాలు చదివేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విమానాశ్రయ వాతావరణ నివేదికలో ‘ఎస్‌సీటీ030సీబీ’ అని ఉంటే, ఆకాశంలో ఎనిమిది భాగాలకు మూడు నాలుగు భాగాలు మేఘం ఉందనీ, దాని అడుగు భాగం 3000 అడుగుల ఎత్తున ఉందనీ, అది క్యుములోనింబస్ అనీ అర్థం. అదే విమానపు చెక్‌లిస్టులో ‘లాగండి’, ‘రీసెట్ చేయండి’ అన్న క్రియలతో సీబీ వస్తే అది సర్క్యూట్ బ్రేకర్. రంగం ఒకటే, పైలట్ ఒకడే, పత్రాలు మాత్రం రెండు. ‘ఇది విమానయానం కాబట్టి మేఘమే’ అని రంగాన్ని బట్టి మాత్రమే తేల్చివేసేవారు ఇక్కడ దారి తప్పుతారు.

ఆటల వార్తల్లో ఫుట్‌బాల్ అయితే సెంటర్ బ్యాక్, అమెరికన్ ఫుట్‌బాల్ అయితే కార్నర్ బ్యాక్. వీటి దగ్గర పెద్దగా సందేహం రాదు.

4. పత్రం తనంతట తాను చెప్పిందేమో వెతకండి

బయటి నిఘంటువు తెరవడానికి ముందే ఈ పని చేయండి. జాగ్రత్తగా రాసినవారు ఒక పొడి అక్షరాన్ని మొదటిసారి వాడినప్పుడు పూర్తి రూపం ఇస్తారు. పుస్తకాల్లో మొదట్లోనో చివర్లోనో సంకేతాల పట్టిక ఉంటుంది. మ్యాపుల్లో మూలన వివరణ ఉంటుంది. మీరు 80వ పేజీలో చూసిన అక్షరాలకు వివరణ 3వ పేజీలోనే ఉండి ఉండవచ్చు. అదే రచయిత రాసిన మరొక పత్రంలో దొరికినా మంచి ఆధారమే. పత్రం స్వయంగా చెప్పినదానిని ఏ నిఘంటువూ కాదనలేదు. ఒకవేళ పత్రంలో వివరణ ఒకటి, మీ పట్టికలో మరొకటి ఉంటే పత్రాన్నే అనుసరించండి.

5. మిగిలిన అర్థాల జాబితా రాసి, ఒక్కొక్కదానిని కొట్టివేయండి

మీకు నచ్చిన అర్థానికి మద్దతు వెతకవద్దు. సరిపోని అర్థాలను తొలగిస్తూ రండి. ఈ మెట్టు ఎందుకు అవసరమో ఒక ఉదాహరణతో చూపుతాను.

‘సీబీ-1’ అని ఒక నౌకాదళ పత్రంలో ఉందనుకోండి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం తన అలాస్కా తరగతి భారీ క్రూయిజర్లకు సీబీ అన్న గుర్తునే ఇచ్చింది. అలాస్కా సీబీ-1, గ్వామ్ సీబీ-2. అంటే అదే నౌకాదళంలో అదే యుద్ధంలో ఒకే అక్షరాలు నిర్మాణ బెటాలియన్‌కూ, రెండు వందల మీటర్లకు మించిన పొడవున్న యుద్ధనౌకకూ చెందాయి. ఇటలీ నౌకాదళంలోనేమో సీబీ అన్నది నలుగురు మాత్రమే పట్టే చిన్న జలాంతర్గాముల తరగతి, వాటిలోనూ సీబీ-1 ఉంది. ఇప్పుడు మీ పత్రం 1942 నాటిదనీ, నల్ల సముద్రం గురించి చెబుతోందనీ అనుకుందాము. అలాస్కా 1943 ఆగస్టులో గాని నీటిలోకి దిగలేదు, 1944 జూన్‌లో గాని సేవలో చేరలేదు. కాబట్టి అది పోయింది. నిర్మాణ బెటాలియన్‌ను అడ్డగీతతో అలా రాయడం పరిపాటి కాదు, పైగా నల్ల సముద్రం వారు పనిచేసిన చోటు కాదు, అదీ పోయింది. ఇటలీ జలాంతర్గాములు 1942లో నల్ల సముద్రానికి చేరిన మాట నిజం. మిగిలింది అదొక్కటే.

అదే ‘సీబీ1’ అడ్డగీత లేకుండా ఒక వైద్య వ్యాసంలో ఉంటే అది మెదడులో ఎక్కువగా ఉండే ఒక కన్నాబినాయిడ్ గ్రాహకం, అంటే గంజాయిలోని రసాయనాల వంటివి అతుక్కునే చోటు. ఒక చిరునామా చివర ఉంటే ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ పోస్టుకోడులో మొదటి భాగం. పక్కన అంకె ఉన్నంత మాత్రాన సందేహం తీరిందని అనుకోకూడదనడానికి ఇదే నిదర్శనం.

6. పూర్తి రూపాన్ని వాక్యంలో పెట్టి చదవండి

మిగిలిన అర్థాన్ని పొడి అక్షరాల స్థానంలో పెట్టి, వాక్యాన్ని పైకి చదవండి. ‘కార్పొరల్‌కు ఏడు రోజుల సిటిజన్స్ బ్యాండ్ విధించారు’ అన్న వాక్యం నిలవదు. ‘కార్పొరల్‌ను ఏడు రోజులు బ్యారక్ దాటకుండా కట్టడి చేశారు’ అన్నది నిలుస్తుంది. అక్కడితో ఆగకుండా ఆ పత్రంలో ఆ అక్షరాలు వచ్చిన ప్రతిచోటా ఇదే పరీక్ష చేయండి. నాలుగు చోట్ల సరిపోయి అయిదో చోట సరిపోకపోతే రెండు అవకాశాలు ఉన్నాయి: మీ అర్థం తప్పయినా అయి ఉండాలి, రచయిత రెండు అర్థాల్లో వాడినా వాడి ఉండాలి. రెండవది అరుదు, అయితే వేర్వేరు మనుషులు నింపిన దళపు దినచర్య పుస్తకాల్లో జరుగుతుంది. చేతిరాత మారిందేమో చూడండి.

7. తెలుగులో రాసేటప్పుడు మొదటిసారి పూర్తిగా రాయండి

అర్థం తేలిన తరువాత ‘సిటిజన్స్ బ్యాండ్ రేడియో’ అనో ‘నౌకాదళ నిర్మాణ బెటాలియన్’ అనో మొదట పూర్తిగా రాసి, ఆపైన ‘దీనిని ఇకపై సీబీ అంటాము’ అని చెప్పండి. ఒకే రచనలో రెండు అర్థాలు తప్పనిసరైతే ఒకదానికి మాత్రమే పొడి అక్షరాలు వాడి, రెండవదానిని ఎప్పుడూ పూర్తిగా రాయడం మేలు.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటిది, తరువాత కల్పించిన విస్తరణలను నమ్మడం. ‘ఎస్ఓఎస్’ ఏ మాటలకూ పొడి అక్షరాలు కాదు. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలుగా మోర్స్‌లో సులభంగా గుర్తుపట్టగల సంకేతం కావడం వల్ల 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో టెలిగ్రాఫ్ సమావేశం దానిని స్వీకరించింది. ‘మా ఆత్మలను రక్షించండి’ అన్న ఆంగ్ల వాక్యాన్ని ఆ తరువాత ఎవరో తగిలించారు. దానికన్నా ముందు, 1904లో మార్కోనీ సంస్థ తన ఆపరేటర్లకు ఇచ్చిన ‘సీక్యూడీ’ విషయమూ ఇంతే. ‘త్వరగా రండి, ప్రమాదం’ అని దానికి విస్తరణ చెబుతారు. అసలు విషయం ఏమంటే, అన్ని స్టేషన్లనూ ఉద్దేశించి పిలిచే ‘సీక్యూ’ అప్పటికే తీగల టెలిగ్రాఫ్‌లో ఉంది, దానికి ఆపదను సూచించే డీ చేర్చారు. విస్తరణ చక్కగా అతికిందంటే అది నిజమని కాదు. మరీ చక్కగా అతికిన విస్తరణను ఇంకొకసారి పరిశీలించడం మంచిదని నా అభిప్రాయం.

ఆ ‘సీక్యూ’కే అమెరికా సైన్యంలో మరొక అర్థం ఉంది. బ్యారక్ ద్వారం దగ్గర రాత్రీ పగలూ కాపలా బాధ్యత వహించే సైనికుని విధిని ఆ పేరుతో పిలుస్తారు. ఒక సైనికుడు ‘నిన్న రాత్రి సీక్యూలో ఉన్నాను’ అని రాస్తే అతడు రేడియోలో ఎవరినో పిలిచాడని అనువదించకూడదు.

రెండవది, సంకేతాన్ని పొడి అక్షరాలుగా భ్రమపడడం. రేడియోలోని క్యూ కోడ్‌లు, అంటే ‘క్యూ’తో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు, మాటల మొదటి అక్షరాలతో ఏర్పడినవి కావు. ‘క్యూఆర్‌టీ’ అంటే ప్రసారం ఆపండి అని; చివర ప్రశ్నార్థకం ఉంటే ఆపమంటారా అని. అవే మూడు అక్షరాలు భద్రతా దళాల పత్రాల్లో సత్వరం స్పందించే బృందానికి పొడి అక్షరాలు. ‘ఎనిమిది గంటలకు క్యూఆర్‌టీ’ అన్న నమోదు రేడియో లాగ్‌లో ఉంటే స్టేషన్ మూతపడిందని, భద్రతా నివేదికలో ఉంటే బృందం కదిలిందని అర్థం వస్తుంది. ఒకటి పని ముగింపు, మరొకటి పని ఆరంభం.

మూడవది, వెతికినప్పుడు మొదట కనిపించిన జవాబును తీసుకోవడం. వెతుకులాటలో పైన వచ్చేది ఎక్కువ మంది అడిగే అర్థం. మీ పత్రానికి దానితో సంబంధం ఉండాలని ఏమీ లేదు. అక్షరాలు మాత్రమే ఇచ్చి వెతకకుండా వాటితో పాటు పత్రంలోని సంవత్సరం, ఊరు, పక్కనున్న క్రియ కలిపి వెతకండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మీ జవాబును ఆ పత్రం చూడని ఒకరికి, మీ కారణాలతో సహా, రెండు వాక్యాల్లో చెప్పి చూడండి. ‘నాకు అలా అనిపించింది’ అన్నది తప్ప మరో కారణం చెప్పలేకపోతే మూడవ మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు, ఉదాహరణకు తేదీ ఒకటి, పక్కనున్న మాట ఒకటి, ఒకే అర్థాన్ని చూపితే నిశ్చింతగా రాయవచ్చు. ఒక్క ఆధారమే ఉంటే ‘బహుశా’ అని చేర్చండి.

ఎంత చేసినా రెండు అర్థాలు మిగిలిపోతే అక్షరాలను మూలంలో ఉన్నట్టే ఉంచి, అడుగున ఒక గమనికలో ఆ రెండు అర్థాలనూ, దేనికి ఏ ఆధారం ఉందో కూడా రాయండి. పైలట్ చదివే సూచనలు, మందుల పత్రాలు, విద్యుత్ పరికరాల పుస్తకాలు వంటివి అయితే గమనికతో సరిపెట్టకండి. ఆ పత్రం తయారుచేసిన వారినే అడిగి, జవాబు లిఖితపూర్వకంగా వచ్చేవరకు ఆ వాక్యాన్ని ఖాళీగా వదిలి పెట్టండి.